పెన్షన్ వేరు, పింఛను వేరు: రెండూ ఎలా తెచ్చుకోవాలి

మా పక్క వీధిలో ఒకాయన స్పిన్నింగ్ మిల్లులో ఇరవై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. ఒక సాయంత్రం ఫోన్ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి మూడో గడి మీద వేలు పెట్టి, "ఇందులో ఇన్నేళ్లుగా డబ్బు పడుతోంది గానీ ఒక్క రూపాయి వడ్డీ రాలేదు సార్, ఎవరు తిన్నారు?" అన్నాడు.

ఎవరూ తినలేదు. ఆ గడికి వడ్డీ ఉండదు. ఫ్యాక్టరీ టైమాఫీసులో కూర్చుని వందల మందికి ఫారాలు నింపినవాణ్ని నేను. ఈ ప్రశ్న అడగని మనిషిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఒక మాట ముందే అనుకుందాం. జీతంలో కోత పడి, సర్వీసు చూపించి తెచ్చుకునేదాన్ని ఇక్కడ పెన్షన్ అంటాను. ప్రభుత్వం వయసు చూసి, వైకల్యం చూసి, ఇంటి పరిస్థితి చూసి ఇచ్చేదాన్ని పింఛను అంటాను. మన ఊళ్లల్లోనూ దాదాపు ఇలాగే అంటారు: "ఆయనకి కంపెనీ పెన్షన్ వస్తుంది, వాళ్లమ్మకి ఒకటో తారీకు పింఛను ఇస్తారు" అని. మొదటిది మీ హక్కు, దానికి మీ ఇంటి కరెంటు బిల్లుతో పనిలేదు. రెండోదానికి కరెంటు బిల్లు కూడా చూస్తారు. ఈ రెంటినీ కలిపేసుకుని ఒక ఆఫీసుకి వెళ్లాల్సినవాళ్లు ఇంకో ఆఫీసు చుట్టూ తిరుగుతుంటారు.

ముందు ఆ మూడో గడి సంగతి

మీ జీతంలోంచి 12 శాతం పీఎఫ్‌కి పోతుంది. కంపెనీ కూడా 12 శాతం కడుతుంది. ఆ కంపెనీ వాటాలోంచి 8.33 శాతం తీసి పెన్షన్ పథకంలో వేస్తారు. దాన్నే 1995 పెన్షన్ పథకం, ఈపీఎస్ 95 అంటారు. 1995 నవంబర్ 16న మొదలైంది. మీ బేసిక్, డీఏ కలిపి ముప్పై వేలున్నా ఈ లెక్కకి మాత్రం 15,000 దాకానే చూస్తారు. కాబట్టి ఆ గడిలో నెలకి 1,250కి మించి పడదు. కేంద్ర ప్రభుత్వం పైన 1.16 శాతం కలుపుతుంది, అది మీ పాస్‌బుక్కులో కనిపించదు.

ఆ డబ్బు మీ పేరున దాచిన హుండీ కాదు. అందరిదీ కలిపి పోసిన ఉమ్మడి గాదె. మీరెంత పోశారన్నదాన్ని బట్టి కాదు, ఎన్నేళ్లు పోశారు, చివర్లో మీ జీతం ఎంత అన్నదాన్ని బట్టి మీకు కొలిచి ఇస్తారు. లెక్క ఇంతే: పెన్షన్ జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగించాలి. పెన్షన్ జీతం అంటే చివరి 60 నెలల సగటు, 15,000 మించకుండా.

ఇక్కడే అందరూ బోల్తా పడేది. పద్దెనిమిదేళ్ల సర్వీసు ఉన్నాయన కాలిక్యులేటర్ తీసి 15,000 ఇంటూ 18 బై 70, 3,857 వస్తుందని ఇంట్లో చెప్పేస్తాడు. తీరా ఆర్డరు చూస్తే 2,886 ఉంటుంది. తప్పు కాదది. 15,000 పరిమితి వచ్చింది 2014 సెప్టెంబర్ 1న. అంతకుముందు 6,500. అందుకని సర్వీసుని రెండు ముక్కలు చేస్తారు. 2006 సెప్టెంబర్‌లో చేరి 2024 ఆగస్టులో దిగినవాడికి పాత పరిమితి కింద ఎనిమిదేళ్లు: 6,500 ఇంటూ 8 బై 70, అంటే 743. కొత్త పరిమితి కింద పదేళ్లు: 15,000 ఇంటూ 10 బై 70, అంటే 2,143. కలిపితే 2,886. కాగితం మీద మీ సర్వీసుని ఇలా రెండుగా విడగొట్టి ఒకసారి వేసుకోండి. రిటైరయ్యే రోజున గుండె ఝల్లుమనకుండా ఉంటుంది.

ఎంత తక్కువొచ్చినా నెలకి 1,000 కనీస పెన్షన్ అని 2014లో పెట్టారు. వెయ్యి రూపాయలకి ఇప్పుడు గ్యాస్ బండ, కాస్త కూరగాయలు వస్తాయేమో. పెంచమని పెన్షనర్లు ఏళ్ల తరబడి ధర్నాలు చేస్తున్నారు. వాళ్ల కోపంలో న్యాయం ఉందని నా అభిప్రాయం.

సర్వీసు ఎన్నేళ్లో మీరే లెక్కపెట్టుకోండి

నెలనెలా పెన్షన్ రావాలంటే పదేళ్లు ఉండాలి. ఆరు నెలలు దాటిన ముక్కని పూర్తి ఏడాదిగా తీసుకుంటారు కాబట్టి తొమ్మిదిన్నరేళ్లు ఉన్నవాళ్లు కూడా గట్టెక్కుతారు. తొమ్మిదేళ్ల నాలుగు నెలలకి ఉద్యోగం మానేద్దామనుకుంటున్న కుర్రాళ్లకి నేను చెప్పేది ఒకటే: ఇంకో రెండు నెలలు పళ్లు బిగపట్టు నాయనా. ఇరవై ఏళ్లు దాటి 58కి దిగితే రెండేళ్లు బోనస్‌గా కలుపుతారు. పందొమ్మిదిన్నర దగ్గర ఉన్నవాళ్లు కూడా క్యాలెండరు ఒకసారి చూసుకోవాలి.

ఈ సర్వీసు ఒకే కంపెనీలో చేసినదే కానక్కర్లేదు. మూడు కంపెనీల్లో మూడేసేళ్లు, నాలుగో దాంట్లో రెండేళ్లు చేసినా పదకొండే. షరతు ఒకటే, మధ్యలో పెన్షన్ డబ్బు తీసేసుకోకూడదు. ఉద్యోగం మారినప్పుడల్లా పాత పీఎఫ్‌ని కొత్త దాంట్లోకి ట్రాన్స్‌ఫర్ చేసుకోండి. అలా చేశాక కొత్త పాస్‌బుక్కులో పెన్షన్ గడి దగ్గర సున్నా కనిపిస్తుంది. టెన్షన్ పడకండి. పీఎఫ్ డబ్బు కదులుతుంది గానీ పెన్షన్ వైపు డబ్బు కదలదు, సర్వీసు వివరం మాత్రమే వెళుతుంది. చూసుకోవాల్సింది ఆ సున్నాని కాదు. పోర్టల్‌లో మీ సర్వీసు హిస్టరీ తెరిచి, ప్రతి కంపెనీ ఎదురుగా చేరిన తేదీ, మానేసిన తేదీ రెండూ ఉన్నాయా లేదా చూడండి.

పదేళ్లు నిండకముందు ఉద్యోగం పోతే ఫారం 10సి అని ఒకటుంది. దాంతో రెండు పనులు చేయవచ్చు. పెన్షన్ వాటా డబ్బుగా తీసుకోవచ్చు. ఏడాది సర్వీసుకి సుమారు ఒక నెల జీతం లెక్కన వస్తుంది, అక్కడా జీతం 15,000 మించదు. లేదంటే స్కీమ్ సర్టిఫికెట్ అడగవచ్చు. ఈ రెండోది చాలామందికి తెలియదు. అది మీ సర్వీసుని గడ్డకట్టించి దాచే కాగితం. రేపు మళ్లీ పీఎఫ్ ఉన్న ఉద్యోగం దొరికితే పాత ఏళ్లు కొత్త ఏళ్లకి అతుక్కుంటాయి. డబ్బు తీసుకుంటే మాత్రం ఆ ఏళ్లు మాయం, కొత్త ఉద్యోగంలో మళ్లీ సున్నా నుంచే. పిల్ల పెళ్లికి ఏడేళ్ల సర్వీసు అమ్ముకున్నవాళ్లని చూశాను. అవసరం అలాంటిది, కాదనను. కాకపోతే ఏం అమ్ముకుంటున్నారో తెలిసి అమ్ముకోవాలి.

ఇంకో చిక్కు పెద్ద జీతాల వాళ్లది. 2014 సెప్టెంబర్ 1 తర్వాత మొదటిసారి పీఎఫ్‌లో చేరి, చేరిన రోజునే బేసిక్ 15,000 దాటినవాళ్లు ఈ పెన్షన్ పథకంలోకి రారు. వాళ్ల కంపెనీ వాటా మొత్తం పీఎఫ్‌కే వెళ్లాలి. కొన్ని కంపెనీలు పొరపాటున పెన్షన్‌కి కూడా కడుతుంటాయి. ముప్పై ఏళ్ల వయసులో పాస్‌బుక్ చూసి ఆ తప్పు సరిచేయించుకోవడం తేలిక, యాభై ఎనిమిదిలో కష్టం. అలాగే 58 నిండాక కూడా ఉద్యోగంలో ఉంటే పెన్షన్ కోత ఆగిపోయి మొత్తం పీఎఫ్‌లోకే రావాలి. ఆ నెల పేస్లిప్ తప్పకుండా చూడండి.

పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు

పెన్షన్ ఫైలు ఆగేది చట్టం దగ్గర కాదు, ఇదిగో వీటి దగ్గర. మా దగ్గర ఒక ఫిట్టర్ ఉండేవాడు. ఆధార్‌లో వెంకటేశ్వర్లు, కంపెనీ రికార్డులో వెంకటేశ్వరరావు. చేరేటప్పుడు ఎవరో గుమాస్తా మర్యాదగా ఉంటుందని రావు తగిలించి ఉంటాడు. ఆ రెండక్షరాలు వదిలించుకోవడానికి ఆయనకి ఐదు నెలలు పట్టింది. పుట్టిన తేదీ సంగతి ఇంకా ఘోరం. మన తరంలో సగం మందికి బడిలో మాస్టారు వేసిన జూన్, జూలై తేదీలే. ఆధార్‌లో ఒకటి, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకటి, పీఎఫ్‌లో ఒకటి ఉంటాయి.

అందుకే యాభై దాటగానే ఒక ఆదివారం కూర్చోండి. ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్, పీఎఫ్ పోర్టల్‌లోని మీ ప్రొఫైల్ నాలుగూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చండి. తండ్రి పేరు కూడా. తేడా ఉంటే జాయింట్ డిక్లరేషన్ అనే సవరణ దరఖాస్తు పెట్టాలి. ఆధార్‌తో ధ్రువీకరించిన ఖాతాలకి 2025 జనవరి నుంచి చాలా మార్పులు పోర్టల్‌లో మనంతట మనమే చేసుకునే వీలొచ్చింది. పాత ఖాతాలకి కంపెనీ సంతకం కావాలి. కంపెనీలు మూతపడతాయి, హెచ్‌ఆర్‌లో మనుషులు మారిపోతారు. మీరు ఇంకా గేటు లోపల ఉన్నప్పుడే ఆ సంతకం పెట్టించుకోండి.

మీ తర్వాత డబ్బు ఎవరికి చేరాలో పోర్టల్‌లో రాసిపెట్టే ఈ-నామినేషన్ కూడా అదే రోజు చేసేయండి. భార్య లేదా భర్త, పిల్లలు, వాళ్ల ఫొటోలు, ఆధార్ నంబర్లు ఎక్కించాలి. ఓటీపీ ఆధార్‌కి జత చేసిన ఫోన్‌కి వస్తుంది. ఆ నంబరు పెద్దబ్బాయి వాడుతూ దుబాయ్‌లో ఉంటే పని జరగదు. నవ్వకండి, ఇది నిజంగా జరిగిందే.

పాత కంపెనీ మానేసిన తేదీ వేయకుండా వదిలేస్తే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత మీరే పోర్టల్‌లో వేసుకోవచ్చు. ఆ తేదీ లేకపోతే క్లెయిమ్ ఫారమే తెరుచుకోదు.

ఫారం 10డి

58 నిండాక నెలనెలా పెన్షన్ కోసం పెట్టే దరఖాస్తు ఇదే. యూఏఎన్ అనే మీ పీఎఫ్ నంబరుతో లాగిన్ అయి ఆన్‌లైన్‌లో పెట్టవచ్చు. ఓపిక లేకపోతే కాగితం మీద నింపి కంపెనీ ద్వారా పీఎఫ్ ఆఫీసుకి పంపవచ్చు. ఆంధ్రాలో గుంటూరు, రాజమండ్రి, కడప, విశాఖల్లోనూ తెలంగాణలో బర్కత్‌పురా, కూకట్‌పల్లి, వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ లాంటి చోట్లా ఈ ఆఫీసులున్నాయి. మీ కంపెనీ ఏ ఆఫీసు కింద ఉంటే అదే మీది, మీ ఇల్లు ఎక్కడన్నది కాదు. కంపెనీ మూతపడితే బ్యాంకు మేనేజరు గానీ గెజిటెడ్ ఆఫీసరు గానీ సంతకం పెడితే చెల్లుతుంది. భార్యాభర్తలు కలిసి దిగిన ఫొటో, బ్యాంకు ఖాతా వివరం, ఆధార్, పాతికేళ్లలోపు పిల్లలుంటే వాళ్ల పుట్టిన తేదీలు కావాలి.

యాభై నిండి, ఉద్యోగం లేకపోతే ముందే అడగవచ్చు. 58కి ఎన్నేళ్లు తక్కువైతే ఏడాదికి 4 శాతం చొప్పున కోస్తారు. ఆ కోత 58 వచ్చాక తీసేస్తారనుకుంటారు కొందరు. తీసేయరు, ప్రాణం ఉన్నన్నాళ్లూ అదే. 55కి తీసుకున్నవాడికి దాదాపు 12 శాతం జీవితాంతం పోయినట్టే. అటువైపు, 58కి తీసుకోకుండా 60 దాకా ఆగితే ఏడాదికి 4 శాతం పెరుగుతుంది. ఆరోగ్యం బాగుండి ఇంట్లో ఇంకో రాబడి ఉంటే ఆగండి. అప్పులు మీద ఉంటే ఆగకండి.

క్లెయిమ్ 20 రోజుల్లో తేల్చాలని వాళ్ల నియమం. తేలకపోతే ఈపీఎఫ్‌ఐజీఎంఎస్ అనే ఫిర్యాదు పోర్టల్ ఉంది, 14470 నంబరుకి ఫోన్ చేయవచ్చు. ప్రతి నెలా 27న "నిధి ఆప్కే నికట్" అని జిల్లాల్లో శిబిరం పెడతారు. మనిషి ఎదురుగా కాగితాలు పరిస్తే పని అయ్యే తీరే వేరు, నేను ఎక్కువగా అక్కడికే పంపిస్తాను.

మంజూరైతే పీపీఓ అనే నంబరుతో ఆర్డరు వస్తుంది. దాన్ని లామినేషన్ చేయించి, ఒక ఫొటో తీసి మీ ఆవిడ ఫోన్‌లో కూడా పెట్టండి. మీ తర్వాత సగం పెన్షన్ ఆవిడకి వస్తుంది, అప్పుడు ఆ నంబరే అడుగుతారు. 2025 జనవరి నుంచి ఏ బ్యాంకు ఏ బ్రాంచిలోనైనా పెన్షన్ తీసుకోవచ్చు. కూతురింటికి హైదరాబాద్ మారినా ఫైలు మార్పించే పని లేదు.

ఏటా బతికున్నామని చెప్పాలి. దాన్నే జీవన్ ప్రమాణ్ అంటారు. పీఎఫ్ పెన్షనర్లు నవంబర్ కోసమే చూడక్కర్లేదు, ఏ నెలలో ఇచ్చినా అక్కడి నుంచి ఏడాది చెల్లుతుంది. బీడీలు చుట్టినవాళ్లకి, మగ్గం నేసినవాళ్లకి, సున్నం పనోళ్లకి వేలిముద్రలు అరిగిపోయి మిషన్ పట్టదు. మిషన్ మీద వేలు రుద్ది రుద్ది, తడి చేసి, తుడిచి, మళ్లీ పెట్టి, చివరికి "రేపు రామ్మా" అనిపించుకుని వెనక్కి తిరిగిన ఆడవాళ్లని ఎంతమందిని చూశానో. ఇప్పుడు ఫోన్‌లో ముఖం చూపించి చేయవచ్చు. ఆధార్ ఫేస్ ఆర్‌డీ, జీవన్ ప్రమాణ్ అనే రెండు యాప్‌లు కావాలి. వెలుతురు ముఖం మీద పడేలా గుమ్మం దగ్గర కూర్చోబెట్టి, కళ్లద్దాలు తీయించి, రెప్ప వేయమనండి. రెండు నిమిషాల పని.

ఉద్యోగంలో ఉండగానే శరీరం సహకరించకపోతే

దీని కోసమే అసలు ఈ వ్యాసం రాస్తున్నానని చెప్పవచ్చు. పీఎఫ్ పెన్షన్‌లో వైకల్య పెన్షన్ ఉంది. పదేళ్ల సర్వీసు అక్కర్లేదు. 50 నిండక్కర్లేదు. ఒక్క నెల చందా పడి ఉంటే చాలు. ఉద్యోగంలో ఉన్న కాలంలో శాశ్వతంగా, పూర్తిగా పనికి పనికిరాని స్థితి వస్తే నెలనెలా పెన్షన్ ఇవ్వాలి, వయసు తక్కువని కోత కోయరు.

ప్రమాదం ఫ్యాక్టరీలోనే జరగాలని లేదు. ఆదివారం బైకు మీద అత్తారింటికి పోతూ పడినా, పక్షవాతం వచ్చినా లెక్కలోకి వస్తుంది. నియమంలో చూసేది, అప్పటిదాకా చేయగలిగిన పనులేవీ ఇక చేయలేని స్థితి వచ్చిందా అన్నది.

నాకు తెలిసిన ఒక మెకానిక్ ముప్పై నాలుగేళ్లకే నడుం కింద చచ్చుబడి మంచానపడ్డాడు. ఆరేళ్ల సర్వీసు. ఆసుపత్రి అప్పులు నెత్తిమీదున్నాయి. భార్య ఒక నెట్ సెంటర్‌కి వెళితే అక్కడి కుర్రాడు పీఎఫ్‌తో పాటు 10సి కూడా కొట్టేసి మొత్తం తీయించాడు. వాడికి తెలిసింది అంతే. డబ్బొచ్చిందని ఆవిడ వాడికి మూడొందలు ఇచ్చి దండం కూడా పెట్టింది. నా దగ్గరకి వచ్చేసరికి పెన్షన్ సర్వీసు చెల్లించేసినట్టు రికార్డులో పడిపోయింది. ఆ ఇంటికి జీవితాంతం నెలనెలా రావాల్సింది పోయింది.

కాబట్టి వరస గుర్తుంచుకోండి. అలాంటి కష్టం వస్తే పీఎఫ్ డబ్బు తీసుకోండి, అది మీదే. 10సి మాత్రం ముట్టుకోకండి. ఫారం 10డిలో పెన్షన్ రకం దగ్గర వైకల్య పెన్షన్ అని రాసి, ఆసుపత్రి కాగితాలతో పీఎఫ్ ఆఫీసుకి ఇవ్వండి. వాళ్లు మెడికల్ బోర్డుకి పంపుతారు. కంపెనీ మిమ్మల్ని రాజీనామా చేయమని తొందర పెడితే, వైకల్యం వచ్చిన తేదీ ఉద్యోగంలో ఉండగానే అని కాగితం మీద కనిపించాలి కాబట్టి డిశ్చార్జి సమ్మరీ తేదీ, మానేసిన తేదీ జాగ్రత్తగా చూసుకోండి.

ఈఎస్ఐ కార్డున్నవాళ్లకి ఇంకో దారి కూడా ఉంది, అయితే అది పని వల్ల జరిగిన ప్రమాదానికి. డ్యూటీకి వెళుతూ, వస్తూ దారిలో జరిగినదీ అందులోకి రావచ్చు. తాత్కాలికంగా పనికి పోలేని రోజులకి జీతంలో 90 శాతం లెక్కన ఇస్తారు, శాశ్వత వైకల్యానికి నెలనెలా ఇస్తారు. ప్రమాదం జరిగిన వెంటనే కంపెనీ చేత యాక్సిడెంట్ రిపోర్టు పంపించడమే అసలు పని. ఇక బ్యాంకు ఖాతాలోంచి ఏటా మే నెలాఖరున 20 రూపాయలు కట్ అయ్యే సురక్షా బీమా ఉందేమో కూడా చూడండి. ప్రమాదంలో పూర్తి వైకల్యానికి రెండు లక్షలు వస్తుంది. ఇరవై రూపాయలే కదా అని ఎవరికీ గుర్తుండదు.

పిల్లల సంగతి ఒకటి. ఈపీఎస్ కింద తండ్రి పోతే తల్లి పెన్షన్‌లో పాతిక శాతం చొప్పున ఇద్దరు పిల్లలకి పాతికేళ్లు వచ్చేదాకా ఇస్తారు. శాశ్వతంగా, పూర్తిగా వైకల్యం ఉన్న బిడ్డకి మాత్రం వయసు పరిమితి లేదు, బతికున్నంతకాలం వస్తుంది. ఇంట్లో అలాంటి బిడ్డ ఉంటే ఈ-నామినేషన్‌లో ఆ బిడ్డ పేరు, 10డిలో వైకల్యం వివరం తప్పకుండా రాయండి. మనం పోయాక ఎవరు రాస్తారు?

ఇక పింఛను

వైకల్య పింఛనుకి మొదటి మెట్టు సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు తేల్చి ఇచ్చే కాగితం. ఆంధ్రాలో సచివాలయంలో గానీ మీసేవలో గానీ స్లాట్ బుక్ చేస్తారు. తెలంగాణలో మీసేవలో, లేదా మీరే వికలాంగుల గుర్తింపు కార్డుల యూడీఐడీ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టవచ్చు. స్లాట్ తీసేటప్పుడు ఏ వైకల్యం అన్నది సరిగ్గా చెప్పాలి. ఎముకల డాక్టరు కూర్చునే రోజుకి వినికిడి సమస్య ఉన్నవాళ్లని పంపిస్తే బస్సు చార్జీలు దండగ. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. తలసీమియా, సికిల్ సెల్, పార్కిన్సన్స్, యాసిడ్ దాడి బాధితులు కూడా అందులో ఉన్నారు. చేతికర్ర పట్టుకున్నవాళ్లకే సదరం అనుకోకండి.

శిబిరం రోజున పొద్దున్నే టిఫిన్ తిని, మంచినీళ్లు పట్టుకుని వెళ్లండి. పాత ఎక్స్‌రేలు, స్కాన్‌లు, డిశ్చార్జి కాగితాలు, చీటీలు అన్నీ ఒక సంచిలో వేసుకోండి. డాక్టరుకి మీ కోసం ఉండేది కొద్ది నిమిషాలు. "నొప్పిగా ఉంటుందండీ" అంటే ఆయనకేం తెలియదు. "మెట్లెక్కలేను, కింద కూర్చుంటే లేవలేను, ఈ చేత్తో చెంబు ఎత్తలేను" అని పనిగా చెప్పండి. ఉన్నది దాచొద్దు, లేనిది కలపొద్దు.

వైకల్య పింఛనుకి కనీసం 40 శాతం ఉండాలి. రెండు వైకల్యాలున్నవాళ్లు 30, 20 కలిపితే 50 వస్తుందనుకుంటారు. అలా కూడరు. పెద్ద అంకెని ఉంచి, చిన్నదాన్ని 90లో మిగిలిన భాగం మేరకే కలుపుతారు. 30కి 20 కలిస్తే, 20 ఇంటూ 60 బై 90, అంటే 13. మొత్తం 43. సర్టిఫికెట్‌తో పాటు వచ్చే యూడీఐడీ కార్డు 40 లోపు తెల్లది, 40 నుంచి 80 లోపు పసుపు, 80 ఆపైన నీలం. సర్టిఫికెట్ మీద శాశ్వతమా తాత్కాలికమా, తాత్కాలికమైతే ఎప్పటిదాకా అన్నది చూసుకోండి. గడువు తీరేముందే మళ్లీ స్లాట్ పెట్టాలి, తీరాక పింఛను ఆగితే మళ్లీ కదిలించడానికి తల ప్రాణం తోకకొస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద 2024 జూలై నుంచి వృద్ధులకి, వితంతువులకి 4,000, వికలాంగులకి 6,000, మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకి 15,000 ఇంటికి తెచ్చి ఇస్తున్నారు. వృద్ధాప్య పింఛనుకి 60 నిండాలి, గిరిజనులకి, చేనేతలకి, గీత కార్మికులకి, మత్స్యకారులకి 50. వికలాంగులకి వయసు పట్టింపు లేదు, పసిబిడ్డకైనా పెట్టవచ్చు. ఇంటి ఆదాయం పల్లెలో నెలకి 10,000, పట్నంలో 12,000 లోపు, మాగాణి మూడెకరాల్లోపు, మెట్ట పదెకరాల్లోపు, కరెంటు 300 యూనిట్ల లోపు ఉండాలి. కారు, ఆదాయపు పన్ను, ప్రభుత్వ ఉద్యోగం ఉండకూడదు. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు ఫర్వాలేదు. ఇక్కడ ఎక్కువమంది చిక్కుకునేది కరెంటు మీటరు దగ్గర. కింద వాటాలో అద్దెకున్నవాళ్లు, పైన ఇంటాయన అందరూ ఒకే మీటరు మీద ఉంటే ఆ యూనిట్లన్నీ మీ నెత్తినే పడతాయి. విడి మీటరు పెట్టించుకోండి. కొడుకు వేరు కాపురం పెట్టినా రేషన్ కార్డు విడదీయకపోతే అదే బాధ.

తెలంగాణలో వికలాంగులకి 2023 జూలైలో 4,016 చేశారు. వృద్ధులకి, వితంతువులకి, బీడీ కార్మికులకి 2,016. వృద్ధాప్య పింఛను వయసు 57. పల్లెల్లో ఎంపీడీఓ కార్యాలయంలో, పట్నాల్లో మున్సిపాలిటీలో అడగాలి. కేంద్రం ఇచ్చే భాగం చిన్నది: 80 శాతం దాటిన వైకల్యానికి నెలకి 300. అది రాష్ట్రం ఇచ్చేదాంట్లోనే కలిసి ఉంటుంది కాబట్టి దాని కోసం విడిగా ఎక్కడికీ తిరగొద్దు, ఇప్పిస్తామని డబ్బులడిగేవాళ్లని నమ్మొద్దు.

మళ్లీ పరీక్షకి రమ్మని నోటీసు వస్తే భయపడి ఇంట్లో కూర్చోకండి. రాని మనిషి పేరు తీసేయడం తేలిక. వెళ్లండి. శాతం తగ్గిస్తే అప్పీలు చేసుకోవచ్చు, దానికి కొత్త స్లాట్ ఇస్తారు. అక్కడికి వెళ్లేటప్పుడు మొదటి శిబిరానికి పట్టుకెళ్లిన సంచే మళ్లీ కావాలి. మా ఇంట్లో ఆ సంచి బీరువా మీద ఉంటుంది. ప్రతి కొత్త చీటీ అందులోకే వెళుతుంది, జిరాక్సులు పైన, అసలువి కింద.